నాలుగో చెయ్యి

కొత్త ప్రింటర్‌కి స్వరూప బొట్టు పెట్టింది గానీ కొబ్బరికాయ కొట్టనివ్వలేదు. ఏడాది తిరగని ఇంట్లో కాయ కొట్టొద్దంది. సరేనన్నాను. గడిచిన ఏడు నెలల్లో మా ఇంటికొచ్చిన మొదటి కొత్త వస్తువు అదే. హాల్లో టీపాయ్ మీద తెల్లగా, బుద్ధిగా కూర్చుని ఉంది. మా అమ్మాయి రుత్వి దాని అట్టపెట్టెను మడిచి గోడకి ఆనించి వచ్చింది. ముగ్గురం ప్రింటర్ చుట్టూ నిలబడ్డాం.

"చేతులెత్తుండ్రి," అన్నాను.

ఎత్తాం. ప్రింటర్ మీదున్న బెత్తెడు తెరలో అంకెలు కదిలాయి. ఒకటి. రెండు. మూడు. అక్కడే ఆగిపోయాయి.

"అందరి చేతులు కావాలి: 4లో 3."

స్వరూప ఎత్తిన చెయ్యి దించకుండానే ఏడవడం మొదలుపెట్టింది. రుత్వి నా ముఖంలోకి చూసింది. ఏదో అడుగుతున్నట్టే చూసింది. నేను తెర వైపు చూస్తున్నాను.

ఈ చేతులెత్తడమేమిటో చెప్పాలి. నా పేరు యుగంధర్. హనుమకొండలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ లాబ్‌లో పనిచేస్తాను. వైఫై అలలు గోడల్లోంచి దూరిపోతాయి, మనుషులకి తగిలితే వంగుతాయి. నడుస్తున్న మనిషికి తగిలి వంగే తీరు ఒక్కొక్కరిది ఒక్కో రకం. ఆ వంపుల్ని చదివి, ఎవరు ఏ గదిలో ఉన్నారో చెప్పే పెట్టె ఒకటి మా లాబ్‌లో తయారుచేశాం. కెమెరా అక్కర్లేదు, మనిషి జేబులో ఫోన్ కూడా అక్కర్లేదు. దానికి 'ఆనవాలు' అని పేరు పెట్టాం. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు జారిపడితే పక్కింటికి కబురు పోవాలని మొదలుపెట్టిన పని అది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారని మొదటి పెట్టె మా ఇంట్లోనే, హాల్లో గడియారం కింద బిగించాను.

మా అమ్మకి ఒక పట్టింపు ఉండేది. ఇంటికి ఏ కొత్త వస్తువొచ్చినా, బిందె గానీ బీరువా గానీ, ఇంట్లోవాళ్ళందరూ ఒకసారి దాని మీద చెయ్యి వెయ్యాలి. ఒక్కరు ఊళ్ళో లేకపోయినా వాళ్ళొచ్చేదాకా వాడనిచ్చేది కాదు. నా చిన్నప్పుడు మా ఫ్రిజ్ మూడు రోజులు తలుపు తెరవకుండా మా తమ్ముడి కోసం ఎదురుచూసింది. "అందరి చెయ్యి పడ్డదే మన ఇంటిది," అనేది అమ్మ. ఆమె పోయాక ఆ పట్టింపునే నేను పెట్టెలో నియమంగా రాశాను. మా ఇంటి నెట్‌వర్క్‌లోకి కొత్త వస్తువు రావాలంటే పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. పెట్టెలో పేరున్న ఇంటివాళ్ళంతా ఆ వస్తువు చుట్టూ నిలబడి చెయ్యెత్తాలి. పెట్టె లెక్కపెట్టుకుని, సరిపోతేనే లోపలికి రానిస్తుంది. దొంగ ఎవడూ మా నెట్‌వర్క్‌లో చొరబడలేడని లాబ్‌లో గొప్పలు పోయాను. దొడ్డిదారి కూడా ఉంచలేదు.

పిల్లలకి అది ఆట. టీవీ వచ్చినప్పుడు, వాషింగ్ మెషీన్ వచ్చినప్పుడు బిట్టు రెండు చేతులూ ఎత్తేవాడు. "నాది డబుల్," అనేవాడు.

బిట్టు మా కొడుకు. ఎనిమిదేళ్ళు. పోయిన సెప్టెంబరులో డెంగీ జ్వరం వచ్చింది. ఆరో రోజు పోయాడు. ఇంతకన్నా రాయడం నా వల్ల కాదు.

వాడు మునివేళ్ళ మీద నడిచేవాడు. మడమ నేలకి ఆనేది కాదు. మూడడుగులకొకసారి చిన్న ఎగురు ఎగిరేవాడు. అందుకే పెట్టె ఇంట్లో అందరికన్నా ముందు వాణ్ణి పట్టుకునేది. పిల్లలిద్దరిదీ ఒకటే గది. కిటికీ మూల బిట్టుది, తలుపు పక్క మూల రుత్విది. ఎవరి మూలకి వాళ్ళు పోతే వాళ్ళ దీపం వెలిగేట్టు పెట్టాను. బిట్టుది పసుపు, రుత్విది నీలం.

వాడు పోయాక స్వరూప తిండి మానేసింది. తను రెండో తరగతి పిల్లలకి టీచరు. బడికి పోతే చుట్టూ బిట్టు ఈడువాళ్ళే కూర్చుని ఉంటారని సెలవు పెట్టేసింది. కంచం ముందు కూర్చోబెడితే కూర్చునేది. అన్నం మెదిపి మెదిపి, చెయ్యి కడుక్కుని లేచిపోయేది. నేను బతిమాలాను, కోప్పడ్డాను, వాళ్ళక్కని పిలిపించాను. ఏదీ పనిచెయ్యలేదు.

రెండు వారాలు గడిచాక ఒక సాయంత్రం ఏడింటికి అలాగే మెదుపుతూ కూర్చుంది. పిల్లల గది తలుపు అద్దంలోంచి పసుపు వెలుతురు వచ్చి గోడ మీద పడింది.

"బిట్టు దీపం," అంది.

నేనూ చూశాను. ఫోన్ తీసి పెట్టెలో బిట్టు పేరు నొక్కాను. 'ఇంట్లో ఉన్నారు' అని ఉంది. స్వరూప ఆ వెలుతురు వైపే చూస్తూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది. ఇంకొకటి పెట్టుకుంది. ఆ రోజు తను సగం కంచం తింది.

దీపం ఎందుకు వెలిగిందో వెతకాల్సినవాణ్ణి నేను. వెతకలేదు. దానికి పేరు పెట్టాను. 'శేషం' అన్నాను. ఒక ఇంట్లో ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి నడక ఆ ఇంటి అలల్లో కొంత మిగిలి ఉంటుందని, పెట్టె దాన్ని ఇంకా చదువుతోందని చెప్పాను. మొదట స్వరూపకి చెప్పాను. తర్వాత లాబ్‌లో చెప్పాను. చెప్పగా చెప్పగా నేనూ నమ్మాను.

లాబ్‌లో మా పెద్ద వసుంధర మేడం. మాట కరుకు, మనసు మెత్తన. మొదట్లో ఆమె కొట్టిపారేసింది. "యుగంధర్, నీ బాధ నాకు సమజైతది. బాధను గ్రాఫుల పెట్టకు," అంది. కానీ పెట్టెలు పెట్టిన నలభై ఇళ్ళలో, చావు జరిగిన మరో ఇంట్లో కూడా అలాంటిదే కనబడింది. అప్పట్నుంచి ఆమె కళ్ళు కూడా మెరవసాగాయి.

ఫిబ్రవరిలో ఒక రోజు నన్ను పిలిచి తెర చూపించింది.

"ఇది చూసినవా? మీవోని అడుగు పొడుగైంది. అక్టోబరుకు ఇప్పటికి రెండు వేళ్ళు తేడా. శేషమంటే తగ్గాలె గని పెరుగుడేంది?"

నేను తెర దగ్గరికి వంగాను. ఆమె ఇంకో గీత మీద వేలు పెట్టింది.

"ఇంతకూ మీ పాపను హాస్టల్ల వేసిండ్రా?"

"లేదు మేడం, ఇంట్లనే ఉన్నది," అన్నాను. ఊరికే యోగక్షేమం అడుగుతోందనుకున్నాను. నా చూపంతా బిట్టు గీత మీదే ఉంది. ఆమె కూడా మళ్ళీ దాని మీదికే పోయింది. అడుగు ఎలా పెరిగిందన్న దాని మీద ఆ పూటంతా మాట్లాడుకున్నాం.

ఆ సాయంత్రం ఇంటికి పోయి స్వరూపతో, "మనోడు పెరుగుతున్నడు," అని చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. గది గుమ్మంలో రుత్వి నిలబడి ఉంది. లోపలికి పోయింది. నాకు ఆ తర్వాత చాలాసార్లు గుర్తొచ్చిన సంగతుల్లో ఇదొకటి.

గుర్తొచ్చినవి ఇంకా ఉన్నాయి. నవంబరులో రుత్వి, "నాన్నా, నా మూల బల్బు పోయింది, ట్యూబులైటు వేసుకుంటున్న," అని చెప్పింది. ఆదివారం మారుస్తానన్నాను. ఎన్ని ఆదివారాలు పోయాయో లెక్క లేదు. జనవరిలో బడి నుంచి పీఈటీ సారు ఫోన్ చేశాడు. పాప పరుగెత్తలేకపోతోంది, కాలి పిక్కలు పట్టేస్తున్నాయంటోంది, ఒకసారి డాక్టరుకి చూపించండి అన్నాడు. సరేనని పెట్టేశాను. దాని చెప్పులు ముందు వైపు అరిగిపోయి, మడమ వైపు కొత్తగా ఉండేవి. అవి రోజూ నా చెప్పుల పక్కనే ఉండేవి.

ఏప్రిల్‌లో దాని తొమ్మిదో తరగతి పరీక్షలయ్యాక నాకు మెలకువ వచ్చినట్టయింది. దాని పుట్టినరోజు బిట్టు దినాల వారంలో వచ్చింది. మేమెవరం తలుచుకోలేదు. పద్నాలుగు నిండాయి. దగ్గర కూర్చోబెట్టుకుని ఏం కావాలో అడుగమన్నాను. ఫోను అడుగుతుందనుకున్నాను.

"ప్రింటర్," అంది.

"ప్రింటరా? ఎందుకే?"

"బొమ్మలు వేస్త గద, తీసి గోడకు పెట్టుకుంట. వైఫైది తే నాన్నా. తీగలది వద్దు."

అదీ టీపాయ్ మీదికి ఆ ప్రింటర్ వచ్చిన కథ.

'4లో 3' అని వచ్చాక నెట్‌వర్క్ పరీక్ష పేజీ తీసి చూడాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. అది తీస్తే ఎందుకు కలవలేదో ప్రింటరే కాగితం మీద కొట్టి ఇస్తుంది. తెలిసిన జబ్బుకి పరీక్షలెందుకు? ముగ్గురం ఎత్తాం, మూడు వచ్చాయి. పెట్టెలో పేర్లు నాలుగు. లేని చెయ్యి ఎవరిదో అడగాల్సిన పనేముంది?

ఆ మోడల్‌కి తీగ పెట్టే చోటు లేదు. నా ఫోన్‌తో కలిపితే నేను ఇంట్లో ఉన్నప్పుడే పనిచేస్తుంది. నేను ఇంట్లో ఉండేదెప్పుడు? మిగిలింది ఒక్కటే దారి. పెట్టెలోంచి బిట్టు పేరు తీసెయ్యాలి. తీసేస్తే వాడి నడక చెరిగిపోతుంది. లాబ్‌కి గీతలే పోతాయి గానీ నడక పోదు, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలని ఆ నియమం పెట్టింది కూడా నేనే. ఇక ఆ దీపం వెలగదు.

స్వరూపకి ఈ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెప్పాక లేచి పోయి బిట్టు మూల సర్ది వచ్చింది. తర్వాత అడిగింది.

"ఒక మిషన్ కోసం నా కొడుకును మళ్ళ చంపుమంటవా?"

రుత్వి వంటింటి గట్టు దగ్గర నిలబడి నీళ్ళు తాగుతోంది. గ్లాసు పెట్టేసి, "వాపస్ ఇచ్చేద్దాం నాన్నా," అంది. అని, అక్కడే నిలబడిపోయింది. పోలేదు. తల్లి ఏమంటుందోనని చూస్తోంది.

స్వరూప చాలాసేపు దాన్ని చూసింది. ఏడు నెలల్లో అంతసేపు చూడటం అదే మొదటిసారనుకుంటా.

"పొల్ల ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడుగలే," అంది నాతో. "మనం పుట్టినరోజు కూడ మరిచినం. ఇయ్యాల దీపం వచ్చినంక తీసెయ్. ఒక్కసారి చూస్త."

"అమ్మా, నేనొకటి చెప్పాలె," అంది రుత్వి.

"తర్వాత చెప్పు బిడ్డా," అంది స్వరూప.

ఆ సాయంత్రం బిట్టుకిష్టమని ఆలుగడ్డ వేపుడు చేసింది. ఏడింటికి పసుపు దీపం వెలిగింది. ఆ రోజు కాస్త ఆలస్యంగా వెలిగినట్టు నాకనిపించింది. స్వరూప తిన్నంతసేపూ వెలుగుతూనే ఉంది. కంచం ఊడ్చి, చెయ్యి కడుక్కుని వచ్చి గడియారం కింద నిలబడింది. పేరు తీసెయ్యాలంటే ఇంటి పెద్దలిద్దరూ చెయ్యెత్తాలి. నేను ఎత్తాను. ఆమె చెయ్యి భుజం దాకా లేచి రెండుసార్లు దిగిపోయింది. మూడోసారి తన చేతిని ఎడమ చేత్తో పట్టుకుని పైకెత్తింది.

"పో నాన్నా," అంది గాలితో. "మంచిగ పో."

పసుపు వెలుతురు ఆరిపోయింది.

రుత్వి గదిలోంచి వచ్చింది. ముఖమంతా తడిసిపోయి ఉంది. ఈ పనికి అర్థం ఉండాలంటే ప్రింటర్ అప్పుడే కలవాలనిపించింది నాకు. ముగ్గురం టీపాయ్ చుట్టూ చేరి చేతులెత్తాం.

ఒకటి. రెండు.

"అందరి చేతులు కావాలి: 3లో 2."

నేను చేతులు లెక్కపెట్టాను. నాది, స్వరూపది, రుత్విది. మళ్ళీ ఎత్తమన్నాను. మళ్ళీ రెండే. పెట్టె పాడైందని కోపం వచ్చింది. అప్పుడు నొక్కాను పరీక్ష పేజీ మీట. ప్రింటర్ గరగరమని, తన మొదటి కాగితాన్ని బయటికి తోసింది.

నెట్‌వర్క్ దొరికింది. పాస్‌వర్డ్ సరైనది. అనుమతి లేదు.
యుగంధర్: ఉన్నారు.
స్వరూప: ఉన్నారు.
రుత్విక: 190 రోజులుగా ఇంట్లో లేరు.
గుర్తు తెలియని మనిషి: ఒకరు.

రెండుసార్లు చదివాను. రెండోసారి పైకే చదివానట. స్వరూప నా చేతిలోంచి కాగితం లాక్కుంది.

"ఏందిది? పిల్ల ఈడనే ఉన్నది గద!"

"నేనే," అంది రుత్వి.

"నువ్వే ఏంది?"

అది మాటతో చెప్పలేదు. హాలు ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది. మునివేళ్ళ మీద నడిచింది. మోకాళ్ళు కొద్దిగా వంచి, చిన్న చిన్న అడుగులు వేసింది. ఒకటి, రెండు, మూడు, చిన్న ఎగురు. స్వరూప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళు మూసుకుంటే ఆ చప్పుడు బిట్టుదే.

"మొదలు ఊర్కెనే నడిచిన," అంది రుత్వి, ఆ గోడ దగ్గరే నిలబడి. "వాడెట్ల నడుస్తుండెనో మర్చిపోతనేమో అని. దీపం వెలిగింది. అమ్మ తిన్నది. తెల్లారి నడువలే. అమ్మ తినలే. అందుకని మళ్ళ నడిచిన."

"రోజూనా?" అన్నాను.

"ఒకసారి నా లెక్క, ఒకసారి వాని లెక్క నడిస్తే పెట్టెకు సమజ్ కాలే. అక్టోబర్ల రెండు రోజులు దీపమే రాలే. అమ్మకు సెలైన్ పెట్టిచ్చినవు, యాదున్నదా? అప్పట్నుంచి ఇంట్ల ఉన్నంతసేపు వాని లెక్కనే నడిచిన. బల్బు పోలే నాన్నా. అది నన్ను గుర్తు పట్టుడు బంద్ చేసింది."

దీపం కిందే చీకటి అంటారు. ఆనవాళ్ళు పట్టే పెట్టె గోడకుంది. పట్టాల్సిన మనుషులిద్దరం దీపం వైపు చూస్తూ అన్నం తిన్నాం. నా కూతురు ఏడు నెలలు నా కళ్ళ ముందే మునివేళ్ళ మీద నడిచింది, నేను చూడలేదు. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇది రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

"మరి ఈ ప్రింటర్..." అన్నాను.

"నాకు ప్రింటర్ అక్కర లేదు నాన్నా. చెప్పుడు నాతోని కాలే. చెప్తే అమ్మ మళ్ళ తినదని భయం. కొత్త వస్తువు ఏదన్న వస్తే అందరం చేతులెత్తాలె గద. ఒక చెయ్యి తక్కువైతది. ఎవరిదో మీరే చూస్తరనుకున్న."

"మేము బిట్టుదనుకున్నం," అంది స్వరూప, వినీవినబడనట్టు.

"ఔ. పెట్టె నా చెయ్యిని వానిదనుకున్నది. నేను ఈడనే నిలబడ్డ. పెట్టె నన్ను లెక్కవెట్టదని నాకు తెలుసు." అది నా ముఖంలోకి చూసింది. "మీరు లెక్కవెడ్తరనుకున్న."

స్వరూప పోయి దాన్ని గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ నేల మీద కూలబడ్డారు. ఏడుపు ఎవరిదో తెలియలేదు. కాసేపయ్యాక స్వరూప దాని ముఖం పైకెత్తి, జుట్టు సరిచేసి, లేపి నిలబెట్టింది.

"ఇగ చాలు బిడ్డా. నీ లెక్క నడువు. మా రుత్వి లెక్క నడువు, చూస్త."

రుత్వి ఒక అడుగు వేసింది. ఆగింది. పాదం నేల మీద పెట్టబోయి, మళ్ళీ తీసింది. కళ్ళలో నిజంగా భయం కనబడింది.

"నేనెట్ల నడుస్తుంటినో నాకు యాదికి లేదమ్మా."

మర్నాడు లాబ్‌కి పోయి వసుంధర మేడంకి అంతా చెప్పాను. శేషం మీద అచ్చుకి పంపిన వ్యాసం వెనక్కి తీసుకున్నాం. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తెర మీద రెండో ఇంటి గీత తెరిచి, "మరి ఆ రెండో ఇంట్ల ఎవరు నడుస్తున్నరు యుగంధర్?" అంది.

కాజీపేటలో ఆ ఇల్లు. ఇద్దరం కలిసి పోయాం. తలుపు తీసిన పెద్దాయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు. భార్య పోయి ఏడాది. ఆయన కాళ్ళకి ఆడవాళ్ళ చెప్పులున్నాయి. మడమలు సగం బయటికి వచ్చి ఉన్నాయి. మేం ఏమీ అడగకముందే తలదించుకున్నాడు. "పొద్దుగాల ఒకసారి, పొద్దుమీకి ఒకసారి," అన్నాడు. "వంటింట్లకెళ్ళి దేవుని అర్ర దాకనే. ఆమె వచ్చిందనుకొని పెట్టె ఫ్యాను తిప్పుతది సారూ. తీసుకపోకుండ్రి." మేడం ఆయన పెట్టిన చాయ్ తాగింది. పెట్టె తియ్యలేదు.

మా పెట్టె లోపలి లెక్కలన్నీ ఆ వారం నేను విప్పి చూశాను. పిల్లలు పెరుగుతుంటే నడక మారుతుంది కాబట్టి, పెట్టె పాత నడక మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. బిట్టు పేరు కింద బిట్టు నడక నెల రోజుల్లోనే చెరిగిపోయింది. ఆ పైన ఉన్నదంతా రుత్విదే. మేం చేతులెత్తి సాగనంపింది బిట్టుని కాదు. ఇక రుత్వి పేరు కింద ఏమీ లేదు. ఆర్నెల్లు కనబడని నడకని పెట్టె మరిచిపోతుంది. పేరు మాత్రం ఉంచుతుంది. ఇద్దరు పిల్లల నడకల్లో ఒక్కటీ ఆ పెట్టెలో మిగల్లేదు. బిట్టు నడక ఈ లోకంలో మిగిలింది ఒక్కచోటే, వాళ్ళక్క కాళ్ళలో. దాన్ని మాన్పించాల్సింది మేమే.

స్వరూపకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పాను. ఇక ఈ ఇంట్లో దాచడం చాలనిపించింది. ఆమె విని, లేచి, రుత్వి కాళ్ళకి కొబ్బరినూనె కాచి తెచ్చింది.

డాక్టరు పిక్కల కండరాలు కురచబడ్డాయన్నాడు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట గోడకి చేతులానించి మడమలు నేలకి నొక్కమన్నాడు. నొప్పికి రుత్వి పళ్ళు బిగబట్టేది. స్వరూప పక్కనే నిలబడి తనూ గోడకి చేతులానించేది. తర్వాత ఇద్దరూ హాల్లో అటూ ఇటూ నడిచేవాళ్ళు. "మడిమె ఆనియ్యి బిడ్డా, మడిమె," అంటూనే ఉండేది. మూడో అడుగు దగ్గర దానికి ఎగురు వచ్చేది. వచ్చిన ప్రతిసారీ స్వరూప కళ్ళు ఒక్క క్షణం మెరిసి, ఆరిపోయేవి. అయినా చెయ్యి పట్టుకుని ఆపేది. తన కొడుకు ఆఖరి అడుగుల్ని ఆమె అలా ఒక్కొక్కటే తన చేత్తో ఆపింది.

పన్నెండో రోజు నా ఫోన్‌లో పెట్టె నుంచి ఒక మాట వచ్చింది. 'ఇంట్లో కొత్త మనిషి తిరుగుతున్నారు. పేరు?'

స్వరూపే కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. రుత్విక.

ముగ్గురం చేతులెత్తాం. ఒకటి. రెండు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. రుత్వి చెయ్యి ఇంకా పైకి చాపింది. మూడు.

ప్రింటర్ కలిసింది. కాగితం బయటికి వచ్చింది. స్వరూప దాన్ని తీసుకుని మూడు పేర్లూ పైకి చదివింది. మూడోది చదివాక ఇంకా ఏదో ఉందేమోనన్నట్టు కాగితం కింది అంచు దాకా చూసింది. మడిచి బీరువాలో, బిట్టు ప్రోగ్రెస్ కార్డుల మధ్య పెట్టి వచ్చింది.

"రాండ్రి, అన్నం పెడ్త," అంది.

ఏడయింది. పిల్లల గది అద్దంలో నీలం వెలుతురు ఒకసారి వచ్చి పోయింది. రుత్వి చున్నీ పెట్టేసి బయటికి వచ్చిందంతే. కిటికీ మూల చీకటిగానే ఉంది. స్వరూప ఆ వైపు చూసింది. నేను ఆమె చేతిని చూస్తున్నాను. ఆమె అన్నంలో పప్పు కలిపి, ముద్ద చేసి, నోట్లో పెట్టుకుంది.

రుత్వి కూడా తల్లి చేతినే చూస్తోంది. ముద్ద లోపలికి పోయాకే అది తన కంచంలో చెయ్యి పెట్టింది. అప్పుడు నేను బల్ల కిందికి వంగి చూశాను. ఈసారి చూశాను. దాని మడమలు రెండూ ఇంకా గాల్లోనే ఉన్నాయి. నేను చూడటం స్వరూప గమనించింది. తనూ వంగింది. కుడి చెయ్యి ఎంగిలిదని పక్కకి పెట్టి, ఎడమ చేత్తో ఒక మడమ పట్టుకుని నేలకి ఆనించింది. ఆమె ఏడుస్తోంది. రెండోదీ ఆనించి, రుత్వి తినడం అయ్యేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.